రాబిన్ తొలి పదేళ్ళు: పాట మీద చివరి మాట ఎవరిది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. స్వీడన్ గాయని రాబిన్ పదహారేళ్ళకే ఆల్బమ్ తెచ్చి, పద్ధెనిమిదేళ్ళకల్లా అమెరికాలో రెండు పాటలను మొదటి పదింటిలో నిలబెట్టి, చివరికి అంత పెద్ద కంపెనీని వదిలేసి ఇరవై అయిదేళ్ళ వయసులో సొంత రికార్డు సంస్థ ఎందుకు పెట్టుకుంది? అది కోపంలో తీసుకున్న నిర్ణయమా, లెక్క చూసుకుని వేసిన అడుగా? ఆమెను కొత్తగా వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

పాటల హక్కుల ఒప్పందాలు చదవడం, రాయడం ఇరవై ఏళ్ళకు పైగా నా వృత్తి. అందులో కొన్నేళ్ళు స్టాక్‌హోమ్‌లోనే గడిచాయి. ఆమె పాటలంటే నాకు చాలా ఇష్టమన్న సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాసేదంతా ఆ ఇష్టంతోనే రాస్తున్నాను. అయితే సమాధానంలోకి వెళ్ళే ముందు మీ ప్రశ్నలో దాగిన ఒక ఊహను పక్కన పెట్టాలి. 2005లో ఆమె ఉన్నట్టుండి స్వతంత్రురాలయిందని మీరు అనుకుంటున్నారు. నా దృష్టిలో 2005 అనేది పన్నెండేళ్ళుగా నడుస్తూ వచ్చిన ఒక తగువు ముగిసిన సంవత్సరం మాత్రమే. ఆ తగువు డబ్బు గురించి కాదు, పేరు గురించి అసలే కాదు. పాట ఎలా ఉండాలన్న దాని మీద చివరి మాట ఎవరిదన్నదే తగువంతా.

ఆమె పూర్తి పేరు రాబిన్ మిరియం కార్ల్‌సన్. 1979 జూన్ 12న స్టాక్‌హోమ్‌లో పుట్టింది. తల్లిదండ్రులు ఏ పెద్ద సంస్థ నీడలోనూ లేని ఒక నాటక బృందాన్ని నడిపేవారు, చిన్నప్పుడు ఆమె వాళ్ళ వెంట ఊరూరూ తిరిగింది. నాటకాల వాళ్ళ ఇంట్లో పెరిగిన పిల్లలకు ఒక విషయం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది: రంగస్థలం మీద కనిపించేదంతా ఎవరో కూర్చుని తయారుచేసిందేనని, దాన్ని తయారుచేసేవాళ్ళు మనలాంటి మనుషులేనని. 1989లో విడుదలైన ఒక స్వీడిష్ యానిమేషన్ చిత్రంలో మిరాండా అనే పాత్రకు గొంతు ఇచ్చింది. 1991లో స్వీడిష్ టెలివిజన్‌లో పిల్లల క్రీడా కార్యక్రమానికి శీర్షిక గీతం పాడింది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు.

ఆ రోజుల్లోనే ఆమె చదువుతున్న బడికి మేయా అనే గాయని సంగీత శిక్షణ శిబిరం కోసం వచ్చింది. మేయా అప్పట్లో లెగసీ ఆఫ్ సౌండ్ అనే బృందంలో పాడుతుండేది. పిల్లలందరి మధ్య రాబిన్ నిలబడి తాను సొంతంగా రాసుకున్న పాట ఒకటి పాడింది. అది తన తల్లిదండ్రులు విడిపోవడం గురించి రాసుకున్న పాట. ఆ పాట విన్న మేయా, ఆమె మేనేజరు వెంటనే రాబిన్ తల్లిదండ్రులను కలవాలని అడిగారు. ఈ ఘట్టాన్ని చాలామంది ప్రతిభను కనిపెట్టిన కథగా చెబుతారు. నేను ఆ కథలో చూసేది మరొకటి. ఆ పిల్ల వేరొకరి పాటను బాగా పాడి మెప్పించలేదు, తన ఇంట్లో జరిగినదాన్ని తన మాటల్లో తన బాణీలో పెట్టి పాడింది. అంటే మొదటిరోజు నుంచే ఆమె గాయని మాత్రమే కాదు, పాటల రచయిత్రి. ఆ తర్వాత పదేళ్ళపాటు కంపెనీలతో వచ్చిన ప్రతి చిక్కుకూ మూలం అక్కడే ఉంది, చివరికి దొరికిన దారికి కూడా.

ఒక గాయని ఇలా బడికి వచ్చి పిల్లలకు సంగీతం నేర్పడం స్వీడన్‌లో అంత వింత విషయమేమీ కాదని కూడా చెప్పాలి. అప్పట్లో తొంభై లక్షల జనాభా కూడా లేని ఆ దేశంలో మున్సిపల్ సంగీత పాఠశాలలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. తక్కువ రుసుముతో పిల్లలకు వాయిద్యం చేతికిస్తారు. ఆ వయసు దాటి బృందాలు కట్టుకునే యువతకు అధ్యయన సంఘాలనే సంస్థలు సాధన చేసుకునేందుకు గదులు సమకూరుస్తాయి. స్వీడన్ నుంచి అన్ని పాటలు ప్రపంచం మీదకు ఎలా వస్తున్నాయని ఎవరు అడిగినా నేను ముందు ఈ గదుల గురించే చెబుతాను.

రాబిన్ పద్నాలుగేళ్ళ ప్రాయంలో రికోషే అనే చిన్న సంస్థతో ఒప్పందం చేసుకుంది. 1994లో ఆ సంస్థను జర్మనీకి చెందిన బీఎంజీ కొనేసింది. ఆమె సంతకం చేసింది చిన్న దుకాణంతో, లేచి చూసేసరికి ఉన్నది ప్రపంచంలోని అతి పెద్ద సంగీత సంస్థల్లో ఒకదాని చేతిలో. ఇది ఆమె తప్పూ కాదు, మోసమూ కాదు. రికార్డు ఒప్పందాల్లో హక్కులను మరొకరికి బదిలీ చేసే వీలు కంపెనీకి ఉంటుంది, కళాకారులకు సాధారణంగా ఉండదు. ఈ ఒక్క వాక్యాన్ని మనసులో ఉంచుకోండి, ఎందుకంటే ఆమె జీవితంలో ఇదే సంగతి మరోసారి, మరింత బరువుగా ఎదురవుతుంది.

మొదటి సింగిల్, అంటే ఆల్బమ్‌గా కాక విడిగా విడుదల చేసే పాట, 1994లో వచ్చింది. 1995 అక్టోబరులో ‘రాబిన్ ఈజ్ హియర్’ అనే తొలి ఆల్బమ్ స్వీడన్‌లో విడుదలైంది. అందులో చాలా పాటలకు ఉల్ఫ్ లిండ్‌స్ట్రోమ్, యూహాన్ ఎకే అనే ఇద్దరు సంగీతం సమకూర్చగా, అమెరికాలో పేరు తెచ్చిన రెండు పాటలు స్టాక్‌హోమ్‌లోని కైరాన్ స్టూడియోలో డెనిజ్ పాప్, మాక్స్ మార్టిన్ అనే ఇద్దరు పాటల నిర్మాతల చేతుల్లో తయారయ్యాయి. కైరాన్ పద్ధతి గురించి తెలుగువారికి చెప్పడం నిజానికి చాలా తేలిక. ముందు బాణీ, తర్వాత మాట. బాణీలో ఎన్ని అక్షరాల చోటుందో అన్నే అక్షరాలు పడాలి, పల్లవి త్వరగా రావాలి, వచ్చిన పల్లవి ఒక్కసారి వింటే నోటికి పట్టాలి. సినిమా పాటకు కొలత ప్రకారం సాహిత్యం రాసిన ఏ కవినడిగినా ఇందులో కష్టమేమిటో చెబుతారు. పదహారేళ్ళ రాబిన్ ఆ కొలతల్లో పాడడమే కాదు, ఆ పాటల రచనలో పేరు ఉన్న భాగస్వామి. ‘షో మీ లవ్’ను రాసింది ఆమె, మాక్స్ మార్టిన్ కలిసి.

ఈ పాట పేరు దగ్గర చాలామంది పొరబడతారు కాబట్టి చిన్న మాట. 1993లో క్లబ్బులను ఊపేసిన ‘షో మీ లవ్’ వేరే పాట, దాన్ని పాడినది రాబిన్ ఎస్. అనే అమెరికన్ గాయని. ఆ పాటను అంత దూరం తీసుకువెళ్ళిన రీమిక్స్ చేసింది కూడా స్టోన్‌బ్రిడ్జ్ అనే స్వీడన్ వ్యక్తే కావడంతో గందరగోళం ఇంకా పెరిగింది. రెండింటికీ సంబంధం లేదు.

1997లో బీఎంజీకి చెందిన ఆర్‌సీఏ సంస్థ ఆల్బమ్‌ను అమెరికాలో విడుదల చేసింది. ‘డూ యూ నో’, ‘షో మీ లవ్’ రెండూ అమెరికా పాటల ప్రధాన పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో ఏడో స్థానం దాకా వెళ్ళాయి. ఆ వయసు పిల్లకు అది చాలా పెద్ద ఎత్తు. ఎత్తుతోపాటు దానికి తగ్గ రోజువారీ బతుకూ వచ్చింది: ఒక రేడియో స్టేషన్ నుంచి మరో రేడియో స్టేషన్‌కు, ఒక టీవీ కార్యక్రమం నుంచి మరో కార్యక్రమానికి ప్రయాణాలు, అదే పాట, అవే ప్రశ్నలు. కొంతకాలానికి ఆమె పూర్తిగా అలిసిపోయింది, వైద్యులు విశ్రాంతి అవసరమన్నారు, ఆమె స్వీడన్‌కు తిరిగి వచ్చేసింది. ఆ మరుసటి ఏడాది, 1998 ఆగస్టులో, డెనిజ్ పాప్ ముప్పై అయిదేళ్ళ వయసులో క్యాన్సర్‌తో చనిపోయాడు. 2000 సంవత్సరానికి కైరాన్ స్టూడియో తలుపులు మూసేశారు. ఆమెను తయారుచేసిన ప్రపంచం ఆమె ఇరవై ఒకటో ఏడు దాటకముందే కనుమరుగయింది.

ఇక్కడ కాస్త ఆగి, నా వృత్తికి సంబంధించిన విషయమొకటి చెప్పాలి, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. ఒక పాటలో రెండు వేర్వేరు ఆస్తులు ఉంటాయి. మాట, బాణీ కలిసినది ఒక ఆస్తి. దాన్ని ఒకసారి స్టూడియోలో పాడి రికార్డు చేసినది మరో ఆస్తి. రికార్డు ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు ఆ రికార్డింగ్ సాధారణంగా కంపెనీ సొత్తవుతుంది. రచన అలా వెళ్ళిపోదు. అది రచయితలది, వాళ్ళు ఎంచుకున్న ప్రచురణకర్తది. స్వీడన్‌లో రచయితలు, స్వరకర్తల తరఫున రుసుములు వసూలు చేసి పంచే స్టిమ్ అనే సంస్థ 1923 నుంచీ ఉంది. పాట రేడియోలో మోగినా, అంగట్లో మోగినా, వేరొకరు పాడుకున్నా రాసినవారి ఖాతాలో కొంత పడుతుంది. మన దేశంలో సినిమా పాట రాసినవారికి, స్వరపరచినవారికి ఇలాంటి వాటాను వదులుకోలేని హక్కుగా గుర్తించింది 2012 కాపీరైట్ సవరణ. స్వీడన్‌లో రాబిన్ పదిహేనేళ్ళకే ఆ వాటాలో ఉంది. రాబిన్ బ్యాంకు ఖాతా ఎలా ఉండేదో నాకు తెలియని విషయం, దాని జోలికి పోను. కానీ వేరొకరు రాసిచ్చిన పాటలు పాడే గాయని కంపెనీ నుంచి బయటికి వస్తే చేతిలో మిగిలేది గొంతు ఒక్కటే. పాటలు రాసే గాయని బయటికి వస్తే పనిముట్లన్నీ ఆమెతోపాటే వస్తాయి. 1997లోనే ఆమె వేరొక గాయని కోసం స్వీడన్‌లోని ప్రసిద్ధ పాటల పోటీ మెలోడీఫెస్టివాలెన్‌కు పాట రాసిచ్చిన వారిలో ఒకరు. తనకు ఈ విద్య ఉందని ఆమెకు అప్పటికే బాగా తెలుసు.

1999లో రెండో ఆల్బమ్ ‘మై ట్రూత్’ వచ్చింది. నన్నడిగితే ఆమె జీవితంలో అసలైన మలుపు ఇదే, 2005 కాదు. 1998లో ఆమె గర్భవిచ్ఛిత్తి చేయించుకుంది. ఆ విషయాన్ని ఆమె దాచలేదు. ఆ ఆల్బమ్‌లోని రెండు పాటలు, ‘గివింగ్ యూ బ్యాక్’, ‘యూనివర్సల్ ఉమన్’, ఆ అనుభవంలోంచి పుట్టినవే. స్వీడన్‌లో 1975 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పద్ధెనిమిదో వారం వరకు ఆ నిర్ణయం స్త్రీదే, కాబట్టి అక్కడ ఆ పాటలు బాధగల పాటలుగా వినిపించాయే తప్ప వివాదంగా కాదు. అమెరికాలో అదే మాట ఎన్నికల నినాదం. అమెరికన్ కంపెనీ ఆల్బమ్‌ను అక్కడ విడుదల చేయాలంటే మార్పులు కావాలంది. ఆమె ఒప్పుకోలేదు. ఆల్బమ్ అమెరికాలో విడుదల కాలేదు.

ఈ నిర్ణయం ఎంత బరువైనదో కాస్త ఆలోచించండి. ఆమెకు అప్పుడు ఇరవై ఏళ్ళు. రెండేళ్ళ కిందటే ఏడో స్థానంలో నిలిచిన గాయనికి మరుసటి ఆల్బమ్ ఆ మార్కెట్‌లో లేకపోవడమంటే అక్కడ దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టుకోవడమే. సరిగ్గా ఆ ఏడాదిలోనే, ఆమె పాటలు తయారైన అదే స్టూడియోలో తయారైన పాటలతో వేరే గాయనులు, బృందాలు అమెరికాను ఏలుతున్నారు. ఆమె నడిచిన దారిలో వాళ్ళు నడిచి ఎంత ఎత్తుకు వెళ్ళారో ఆమె స్టాక్‌హోమ్‌లో కూర్చుని చూసింది. చూసి కూడా పాట మార్చలేదు. సొంత సంస్థ పెట్టడం ధైర్యమని అందరూ అంటారు. నా లెక్కలో సొంత సంస్థ ఏదీ లేనప్పుడు, వేరొకరి ఒప్పందం లోపలే ఉండి కాదని చెప్పడం అంతకంటే కష్టమైన పని.

ఎందుకు కష్టమో ఒప్పందాలు చదివేవాడిగా చెబుతాను. పెద్ద సంస్థల ఒప్పందాల్లో తరచుగా ఒక నిబంధన కనిపిస్తుంది: కళాకారుడు అందించే రికార్డింగ్ ‘వాణిజ్యపరంగా సంతృప్తికరంగా’ ఉండాలి. సంతృప్తి ఎవరికి? కంపెనీకి. అది సంతృప్తి పడకపోతే ఆల్బమ్ అందినట్టు లెక్క కాదు, కాబట్టి ఒప్పందంలో బాకీ ఉన్న ఆల్బమ్‌ల సంఖ్య తగ్గదు, తర్వాతి అడ్వాన్స్ రాదు, పైగా ఆ కళాకారుడు వేరొకరికి పాడడానికీ వీల్లేదు. ఒకసారి ఒక యువ స్వరకర్త తన ఒప్పందం నా ముందు పెట్టి, పద్దెనిమిది నెలలుగా తన ఆల్బమ్ విడుదలా కాదు, తిరస్కరణా కాదు అన్న స్థితిలో ఎందుకు ఉందో అర్థం కావడం లేదన్నాడు. నేను ఆ రెండు మాటల కింద పెన్సిలుతో గీత గీసి చూపించాను. అతను చాలాసేపు ఆ గీత వైపే చూస్తూ ఉండిపోయాడు. రాబిన్ ఒప్పందం నేను చదవలేదు, ఆమె విషయంలో ఏ నిబంధన ఎలా ఉందో చెప్పబోను. కానీ ఆ రోజుల్లో ఈ వ్యాపారం నడిచిన తీరు అది.

2001లో ఆమె బీఎంజీని వదిలి జైవ్ సంస్థకు మారింది. తన దారిన తనను పోనిచ్చే చోటు అవుతుందన్న ఆశ అందులో ఉండి ఉండాలి. 2002 అక్టోబరులో మూడో ఆల్బమ్ ‘డోంట్ స్టాప్ ద మ్యూజిక్’ వచ్చింది. అందులోని ‘కీప్ దిస్ ఫైర్ బర్నింగ్’ పాటను తర్వాత బ్రిటన్‌లో బెవర్లీ నైట్ పాడి తన సొంతం చేసుకుంది. (రచనకు, రికార్డింగ్‌కు తేడా చెప్పాను కదా, ఇదే దానికి ఉదాహరణ.) అయితే అదే ఏడాది జైవ్ మాతృసంస్థ జోంబాను బీఎంజీ దాదాపు 270 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆమె ఏ ఇంటి నుంచి బయటికి వచ్చిందో ఆ ఇల్లే ఆమె కొత్త ఇంటిని కొనుక్కుంది. పద్నాలుగేళ్ళ వయసులో ఒకసారి జరిగిందే ఇరవై మూడేళ్ళ వయసులో మళ్ళీ జరిగింది. కంపెనీ మారితే పరిస్థితి మారుతుందన్న నమ్మకం ఎవరికైనా ఆ రోజుతో పోతుంది.

ఇలాంటి సమయంలో ఆమె కంట పడినవారు ఒక అక్కా తమ్ముడు: కారిన్ డ్రెయ్యర్, ఓలోఫ్ డ్రెయ్యర్. వాళ్ళ బృందం పేరు ది నైఫ్. సింథసైజర్ల మీద, అంటే ఎలక్ట్రానిక్ ధ్వనులు పుట్టించే వాయిద్యాల మీద, వింతగా, చల్లగా, ఒక్కోసారి భయపెట్టేలా పాటలు కట్టేవారు. రేబిడ్ రికార్డ్స్ అనే సొంత సంస్థ నుంచే విడుదల చేసుకునేవారు. 2003 నాటి ‘డీప్ కట్స్’ ఆల్బమ్‌తో స్వీడన్ అంతటా పేరు వచ్చి, ఆ దేశపు సంగీత పురస్కారం గ్రామిస్ ఇస్తే, సంగీత పరిశ్రమలో మగవారి పెత్తనానికి నిరసనగా తాము వెళ్ళకుండా గొరిల్లా వేషాలు వేసిన ఇద్దరిని పంపారు. రాబిన్ వాళ్ళతో కలిసి ‘హూస్ దట్ గర్ల్’ పాట చేసింది. ఆడపిల్ల ఇలా ఉండాలి, అలా నవ్వాలి అని లోకం గీసిన బొమ్మలో తాను ఇమడలేనని చెప్పే పాట అది. కంపెనీవారికి వినిపించింది. వాళ్ళకు నచ్చలేదు.

ఆ పాటలో కంపెనీకి ఏం నచ్చలేదో నేను ఊహించగలను. అందులో సింథసైజర్ గొంతును బుజ్జగించదు, పక్కనుంచి పొడుస్తూ ఉంటుంది. దాన్ని ఏ రేడియోకు ఇవ్వాలి? ఏ వయసువారికి అమ్మాలి? ఇవి తప్పు ప్రశ్నలేమీ కావు, అమ్మేవారు అడగవలసినవే. కానీ ఆమెకు ఆ పాట వద్దనిపించుకోవడంతో ఒక విషయం తేలిపోయింది. ‘మై ట్రూత్’ విషయంలో అడ్డం వచ్చింది పాటల్లోని విషయమని అనుకోవచ్చు. ఇప్పుడు అడ్డం వచ్చింది ధ్వని. విషయం మీదా చివరి మాట తనది కాదు, ధ్వని మీదా కాదు. ఇక తనదంటూ ఏం మిగిలింది?

ఆమె ఒప్పందం నుంచి బయటపడి 2005 ఆరంభంలో కోనిచివా రికార్డ్స్ పెట్టింది. కోనిచివా అంటే జపాన్ భాషలో పగటిపూట చెప్పుకునే నమస్కారం.

కోపమా, లెక్కా అన్నారు కదా. కోపం ఉండడం సహజం. కానీ కోపంతో పెట్టిన సంస్థ ఒక ఆల్బమ్‌తో ఆగిపోతుంది, కోనిచివా ఆగలేదు. లెక్క వైపు చూస్తే, 2005 నాటికి ఆ లెక్క ఆమె వైపు మొగ్గింది. పెద్ద కంపెనీ బలమంతా మూడింటిలో ఉండేది: ఖరీదైన స్టూడియో, సీడీలు ముద్రించి దుకాణాలకు చేర్చే యంత్రాంగం, రేడియోతో పరిచయాలు. మొదటిది ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది. రెండోది స్వీడన్‌లో కళ్ళ ముందే కూలుతోంది. పాటలను ఉచితంగా, అనుమతి లేకుండా పంచుకునే వెబ్‌సైట్ పైరేట్ బే పుట్టింది 2003లో ఆ దేశంలోనే, దానికి జవాబన్నట్టు ఇంటర్నెట్‌లో చట్టబద్ధంగా పాటలు వినిపించే స్పాటిఫైని స్థాపించింది 2006లో స్టాక్‌హోమ్‌లోనే. మూడోది, అంటే పరిచయాలు, పదేళ్ళుగా పాడుతున్న ఆమెకు సొంతంగానే ఉన్నాయి. 1995లో ఇదే పని చేసి ఉంటే మునిగిపోయేది. పదేళ్ళు ఆగాక చేసింది కాబట్టి నిలబడింది. ఆ పదేళ్ళలో ఆమె కంపెనీల సొమ్ముతోనే ఈ వ్యాపారాన్ని లోపలినుంచి నేర్చుకుందని కూడా ఒప్పుకోవాలి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో తన పేరే పెట్టిన ఆల్బమ్ ‘రాబిన్’ వచ్చింది. నాలుగో ఆల్బమ్‌కు మొదటిసారి తన పేరొక్కటే పెట్టుకోవడంలో చెప్పవలసిందంతా ఉంది. ఇందులో ఆమెకు ముఖ్య సహచరుడు టెడ్డీబేర్స్ బృందానికి చెందిన క్లాస్ ఓలుండ్. రాక్ సంగీతం నుంచి వచ్చిన మనిషి. కైరాన్‌లో నేర్చిన కొలత ఆమెకు ఉంది, ఆ కొలతను ఎక్కడ తెంపాలో అతనికి తెలుసు. ‘హూస్ దట్ గర్ల్’ కూడా ఈ ఆల్బమ్‌లోనే వెలుగు చూసింది. ఆల్బమ్ స్వీడన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. పెద్ద కంపెనీల అండతో వచ్చిన మూడింటిలో దేనికీ దక్కని స్థానమది. 2006 గ్రామిస్ పురస్కారాల్లో ఉత్తమ ఆల్బమ్, ఉత్తమ పాప్ గాయని, ఓలుండ్‌తో కలిసి ఉత్తమ స్వరకర్త, మూడూ ఆమెకే వచ్చాయి. నాకు ఆ మూడో పురస్కారమే ముఖ్యమనిపిస్తుంది. బడిలో తన పాట తాను పాడుకున్న పిల్లను దేశం రచయిత్రిగా గుర్తించింది అందులోనే.

స్వీడన్ బయటకు వెళ్ళడానికి మళ్ళీ పెద్ద కంపెనీలే కావలసి వచ్చాయి, ఇక్కడే చాలామంది ‘అయితే ఆమె స్వతంత్రురాలెలా అవుతుంది’ అని అడుగుతారు. భూమి భాషలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. పొలం అమ్మి రిజిస్ట్రేషన్ చేసివ్వడం వేరు, కౌలుకు ఇవ్వడం వేరు. కౌలుదారు దున్నుతాడు, పంట పండిస్తాడు, వాటా తీసుకుంటాడు, గడువు తీరాక గట్టు దాటి వెళ్ళిపోతాడు. పట్టా మాత్రం మన పేరు మీదే ఉంటుంది. రాబిన్ చేసినది కౌలు. 2007లో బ్రిటన్‌లో ఐలాండ్, 2008లో అమెరికాలో ఇంటర్‌స్కోప్ సంస్థకు చెందిన చెర్రీట్రీ ఆ ఆల్బమ్‌ను అమ్మాయి, అయితే కోనిచివా పేరు కవరు మీద అలాగే ఉంది, పాటలు అప్పటికే పూర్తయి ఉన్నాయి. పూర్తయిన పాటను ఎవరికిస్తే ఏం? దాన్ని మార్చమనే వీలు వాళ్ళకు లేదు.

బ్రిటన్‌లో విడుదలైన ఆల్బమ్‌లో ఒక కొత్త పాట చేరింది, క్లీరప్ అనే సంగీతకారుడితో చేసిన ‘విత్ ఎవ్రీ హార్ట్‌బీట్’. 2007 ఆగస్టులో అది బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. దాన్ని వింటున్నప్పుడు పల్లవి కోసం ఎదురుచూడండి. రాదు. మామూలు అర్థంలో పల్లవి అనదగింది ఆ పాటలో లేదు. సింథసైజర్ ఒకే నడకలో పోతూ ఉంటుంది, గొంతు కొంచెం కొంచెంగా పైకి వెళుతుంది, ఒకచోట తాళమంతా ఆగిపోయి తీగవాయిద్యాలు మాత్రమే మిగులుతాయి, అక్కడినుంచి మళ్ళీ తాళం అందుకుని చివరి వాక్యాన్ని పదే పదే చెప్పుకుంటూ పోతుంది. పల్లవి ముందు రావాలి, త్వరగా రావాలి అన్న బడిలో చదువుకున్న అమ్మాయి పల్లవి లేని పాటతో మొదటి స్థానానికి వెళ్ళింది. దీన్ని ఏ కంపెనీ గదిలోనైనా నమూనాగా వినిపించి ఉంటే పల్లవి పెట్టమని అడిగి ఉండేవారని, నేను ఆ గదుల్లో కూర్చున్నవాడిని కాబట్టి, గట్టిగా అనగలను.

ఒక అపోహ మిగిలింది. ఆమె పాత మనుషులతో తెగతెంపులు చేసుకుందని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. 2007లో బ్రిట్నీ స్పియర్స్ పాడిన ‘పీస్ ఆఫ్ మీ’ పాటలో, దాని రచయితల్లో ఓలుండ్ ఒకడు, వెనుక గొంతుల్లో రాబిన్ గొంతు ఉంది. ఆ పాట వచ్చింది జైవ్ నుంచే. 2010లో ‘బాడీ టాక్’ ఆల్బమ్ కోసం మాక్స్ మార్టిన్‌తో మళ్ళీ పనిచేసింది. తేడా ఒక్కటే: 1995లో ఆమె అతని స్టూడియోకు వెళ్ళింది, 2010లో అతను ఆమె ఆల్బమ్‌లోకి వచ్చాడు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్న మీ మూడో ప్రశ్న. అందరూ 2010 నాటి ‘డాన్సింగ్ ఆన్ మై ఓన్’తో మొదలుపెట్టమంటారు. గొప్ప పాటే, కానీ మీరు అడిగిన కాలం అది కాదు. ముందు ‘షో మీ లవ్’ ఒకసారి వినండి, కొలత ఎంత చక్కగా కుదిరిందో గమనించండి. తర్వాత వెంటనే 2005 నాటి ‘బీ మైన్!’ పెట్టండి. కోనిచివా నుంచి వచ్చిన మొదటి సింగిల్ అదే. తీగవాయిద్యాలు తెగిన దారాల్లా చిన్న చిన్న ముక్కలుగా మోగుతూ, ఊపిరి ఆడనివ్వని వేగంతో పాట పోతూ ఉంటుంది. సగం దాటాక ఆమె పాడడం ఆపేసి మామూలుగా మాట్లాడుతుంది. స్టేషన్‌లో అతన్ని చూశానంటుంది. పక్కన మరో అమ్మాయి, ఆ అమ్మాయి మెడలో తాను అతనికి ఇచ్చిన మఫ్లర్. అతను వంగి ఆ అమ్మాయి బూట్ల లేసులు కడుతున్నాడు. ఆ మఫ్లర్ దగ్గర, ఆ లేసుల దగ్గర ఆమె గొంతు వణకదు, ఏడుపూ రాదు, బస్సు కోసం నిలబడి స్నేహితురాలికి చెబుతున్నట్టు చెబుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ కొన్ని క్షణాలు వినండి, ఆ తర్వాత ‘మై ట్రూత్’కు వెనక్కి వెళ్ళండి.